ఎస్టిమేటు మీద సంతకం పెట్టే ముందు – ఆటోమేటిక్ కారు గేరుబాక్సు గురించి

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో, విజయవాడలో చేసిన ప్రసంగ పాఠం. పలువురు సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాం.)



నాకు ముందు మాట్లాడినవారు పింఛను గురించీ, మెడికల్ కార్డు గురించీ చెప్పారు. అవి పెద్ద విషయాలు. నాకు కార్యదర్శిగారు అప్పగించింది చిన్న విషయం. "మీరు కార్ల గేరుబాక్సుల సంగతి చెప్పండి, మనవాళ్ళలో చాలామందికి పనికొస్తుంది" అన్నారు. మన పింఛనుతో కారు మాట అటుంచి కారు టైరు కూడా రాదు, వీళ్ళకు ఈ ప్రసంగం ఎందుకయ్యా అనుకున్నాను మొదట. తర్వాత బయటికొచ్చి చూస్తే ఈ హాలు ముందు పదకొండు కార్లున్నాయి. వాటిలో ఆరు ఆటోమేటిక్‌వి. సంగతి అర్థమైంది. మోకాళ్ళ నొప్పులు, ఎడమకాలితో క్లచ్చు తొక్కలేకపోవడం, పిల్లలు "నాన్నా, మీకిదే సుఖం" అని కొనివ్వడం. మా ఇంట్లోనూ అదే కథ.

నేను ముప్పైనాలుగేళ్ళు చేసింది మామూలు గేరుబాక్సుల పని. క్లచ్చు ప్లేటు, సింక్రో రింగు, షిఫ్టర్ ఫోర్కు, ఇవే నా లోకం. సర్వీసు చివరి రోజుల్లో ఆటోమేటిక్ గేరుబాక్సున్న సిటీ బస్సులు వచ్చినప్పుడు నన్ను ట్రైనింగుకు పంపారు. ఆ వయసులో మళ్ళీ బెంచీ మీద కూర్చుని పాఠం వినడం కొంచెం నామోషీగా ఉండేది. కానీ ఆ పాఠమే రిటైరయ్యాక అన్నం పెడుతోంది. అన్నం అంటే డబ్బు కాదులెండి. ఎవరింటికి పిలిచినా టిఫిన్ మాత్రం ఖాయం.

ఇవాళ ఈ సంగతి చెప్పడానికి కారణం మన సభ్యులొకరు. పేరు చెప్పను. అక్కౌంట్స్ సెక్షన్‌లో పనిచేశారు, పైసా కూడా లెక్క తప్పని మనిషి. ఆయన కారు తొమ్మిదేళ్ళ నాటిది, అరవైరెండు వేల కిలోమీటర్లు తిరిగింది. లివరు "పి" నుంచి "డి"కి లాగగానే ధడేల్‌మని ఒక దెబ్బ. "ఆర్"కి వేసినా అదే దెబ్బ. అప్పుడప్పుడు పసుపు లైటు వెలిగి, బండి ఒకే గేరులో ఉండిపోయి, ఎంత తొక్కినా పైకి మారదు. ఆపి కాసేపాగి స్టార్టు చేస్తే మామూలే. ఒక వర్క్‌షాపుకి తీసుకెళ్ళారు. వాళ్ళు కంప్యూటరు పెట్టి చూసి "గేరుబాక్సు పోయింది సార్, మొత్తం మార్చాలి" అని రెండు లక్షల పదివేలకు ఎస్టిమేటు రాసిచ్చారు.

ఆయన దగ్గర రెండు లక్షల పదివేలున్నాయి. ఫిక్సెడ్ డిపాజిట్‌లో. అది వాళ్ళావిడ మోకాళ్ళ ఆపరేషనుకని దాచింది. "కారు లేకపోతే ఆమెను ఫిజియోథెరపీకి ఎలా తిప్పాలి? కారు బాగుచేయిస్తే ఆపరేషను ఎలా చేయించాలి?" అని ఫోనులో అడిగారు. నా దగ్గర జవాబు లేదు. "సంతకం పెట్టకండి, ఆదివారం వస్తాను" అని మాత్రం అన్నాను.

ఆ ఆదివారం ఏం జరిగిందో చెప్పే ముందు నేను డిపోలో నేర్చుకున్న ఒక సంగతి చెప్పాలి. డ్రైవర్లు రాత్రి బండి అప్పగించేటప్పుడు లాగ్‌షీటులో లోపం రాసేవారు, గుర్తుంది కదా? పదిమందిలో తొమ్మిదిమంది "గేరు ట్రబుల్" అని రెండు ముక్కలు రాసి పోయేవారు. రాత్రంతా మేం ఆ బండి చుట్టూ తిరిగేవాళ్ళం. ఒక డ్రైవరు మాత్రం "ఫుల్ లోడుతో దిగుడులో మూడో గేరు ఎగిరిపోతోంది, ఖాళీ బండికి రావడం లేదు" అని రాసేవాడు. ఆయన బండి పని పది నిమిషాల్లో తేలేది. సగం రోగనిర్ణయం ఆయనే చేసి పంపేవాడు మరి.

ఆటోమేటిక్ గేరుబాక్సుకి ఇది ఇంకా నిజం. ఎందుకంటే దాన్ని విప్పి చూడటం మన చేతిలో లేదు. విప్పించారంటేనే వేలల్లో ఖర్చు. విప్పకుండా బయటనుంచి తెలుసుకోవలసినదే ఎక్కువ. అందుకని మెకానిక్కు దగ్గరికి వెళ్ళే ముందు నాలుగు రోజులు ఒక చిన్న నోటుబుక్కు కారులో పెట్టుకోండి. లోపం ఎప్పుడొచ్చింది? పొద్దున్నే చల్లటి ఇంజన్ మీదా, అరగంట తిరిగాకా? ఎంత వేగంలో? ముందుకి వెళ్ళేటప్పుడా, రివర్సులోనా, రెండిట్లోనూనా? దానికి ముందు బండికి ఏం చేయించారు, అంటే బ్యాటరీ మార్చారా, సర్వీసింగు చేశారా, నీళ్ళలో నడిపారా? ఇవి రాయండి. పక్క సీట్లో కూర్చునే ఆవిడను కూడా అడగండి. స్టీరింగు పట్టుకున్నవాడికి రోడ్డు మీద ధ్యాస ఉంటుంది, వణుకూ చప్పుడూ పక్కవాళ్ళకే ముందు తెలుస్తాయి. ఈ మాట నేను ఊరికే అనడం లేదు, ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఇంకో సంగతి. ఆటోమేటిక్ అంటే ఒకటే యంత్రం కాదు. అమెరికాలో 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లకు జనరల్ మోటార్స్ వాళ్ళు పెట్టిన హైడ్రామేటిక్ నుంచి ఇప్పటిదాకా రకరకాలు వచ్చాయి. మన దగ్గర తిరిగేవి ప్రధానంగా నాలుగు. పాతకాలం నుంచి ఉన్నది టార్క్ కన్వర్టరు రకం. ఇంజనుకీ గేర్లకీ మధ్య క్లచ్చు ప్లేటు బదులు ఆయిలుతో నిండిన గుండ్రటి డొల్ల ఉంటుంది. ఆయిలే శక్తిని అందిస్తుంది, ఆయిలు ప్రెషరే లోపలి క్లచ్చుల్ని పట్టిస్తుంది, విడిపిస్తుంది. రెండోది సి.వి.టి. దానిలో గేర్లే ఉండవు, రెండు పుల్లీల మధ్య ఉక్కు ముక్కలతో చేసిన బెల్టు తిరుగుతుంది. మూడోది రెండు క్లచ్చుల రకం. నాలుగోది మన మధ్యతరగతివాళ్ళ ఆటోమేటిక్, ఎ.ఎం.టి. 2014లో సెలెరియోతో మారుతీవాళ్ళు దీన్ని మన దేశంలో వాడుకలోకి తెచ్చారు. ఇది నిజానికి మన మామూలు గేరుబాక్సే. మన ఎడమకాలి పనీ ఎడమచేతి పనీ ఒక మోటారు చేస్తుంది, అంతే తేడా.

ఈ తేడా తెలియకపోతే రోగం కానిదాన్ని రోగం అనుకుంటాం. ఎ.ఎం.టి. బండి గేరు మారేటప్పుడు తల ఊపినట్టు చిన్నగా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. అది దాని స్వభావం. ఆ క్షణంలో యాక్సిలరేటరు కొంచెం వదిలితే ఊపు తగ్గుతుంది. సి.వి.టి. బండిని గట్టిగా తొక్కితే ఇంజను రొద చేస్తూనే ఉంటుంది, వేగం మెల్లగా వచ్చి కలుస్తుంది. "క్లచ్చు జారుతోందండీ" అని కంగారుపడి వచ్చినవారున్నారు. అదీ స్వభావమే. కానీ అదే రొద టార్క్ కన్వర్టరు బండిలో, ఎప్పుడూ లేనిది కొత్తగా మొదలైందంటే నిజంగానే లోపల క్లచ్చు జారుతోందని అర్థం.

ఇక ఆదివారం సంగతి. మన అక్కౌంట్స్ మిత్రులది టార్క్ కన్వర్టరు బండి. ముందు ఆ వర్క్‌షాపు కాగితం అడిగాను. దానిలో రెండు కోడ్లున్నాయి. ఒకటి పి0700. మరొకటి పి0562. ఈ కోడ్లు చూసి భయపడకండి. పి0700 అంటే "గేరుబాక్సు కంప్యూటరు ఏదో ఫిర్యాదు చేస్తోంది, అక్కడికెళ్ళి అడుగు" అని మాత్రమే. డాక్టరు చీటీ మీద "స్పెషలిస్టుకు చూపించండి" అని రాసినట్టు. అది ఏ పార్టు పోయిందో చెప్పదు. అసలు ఏ కోడూ పార్టు పేరు చెప్పదు, ఏ దారిలో వెతకాలో చెబుతుంది. రెండో కోడు, పి0562 ఉంది చూశారూ, దాని అర్థం కరెంటు ఓల్టేజి తక్కువగా ఉందని. ఆ రెండోదాన్ని వర్క్‌షాపులో ఎవరూ పట్టించుకోలేదు.

నా సంచిలో ఆరువందల రూపాయల మీటరు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. రాత్రంతా కదలని బండి బ్యాటరీకి మంచి స్థితిలో 12.6 ఓల్టులుండాలి. ఆయనదానికి 11.9 ఉంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పోకూడదు. 8.5కి పడిపోయింది. బ్యాటరీ వయసు అడిగితే ఐదేళ్ళు. గేరుబాక్సు మీదున్న ఎర్త్ వైరు టెర్మినలు పచ్చగా చిలుమెక్కి ఉంది. ఆటోమేటిక్ గేరుబాక్సులో ఆయిలుకి దారి మళ్ళించేది సోలినాయిడ్ వాల్వులు. అవి కరెంటుతో పనిచేస్తాయి. కరెంటు చాలకపోయినా, ఎర్త్ సరిగా లేకపోయినా కంప్యూటరు లెక్క తప్పుతుంది. అనుమానం రాగానే "గేరుబాక్సును కాపాడుకుందాం" అని ఒకే గేరులో ఉంచేసి, ఇంటికి చేరే మార్గం మాత్రం ఇస్తుంది. ఆపి స్టార్టు చేస్తే మళ్ళీ కొత్త లెక్క. ఆయన బండి చేస్తున్నది సరిగ్గా అదే.

మరి ఆ ధడేల్‌మనే దెబ్బ? బానెట్ తెరిచాను. చక్రాలకు ఇటుకలు పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేయించి, ఆయన్ని బ్రేకు గట్టిగా తొక్కి పట్టమని, ముందూ వెనకా ఎవరూ నిలబడకుండా చూసి, "డి" వేయించాను, మళ్ళీ "ఆర్" వేయించాను. నేను పక్కకి నిలబడి చూశాను. ఇంజను నాలుగు వేళ్ళ ఎత్తు లేచి పడింది. ఇంజన్ మౌంటింగు రబ్బరు చిరిగిపోయింది! గేరు పడ్డప్పుడల్లా ఇంజను లేచి ఛాసిస్‌కి కొట్టుకుంటోంది. డిపోలో మనం ఎన్ని బస్సులకు మార్చామో ఆ రబ్బర్లు!

అయినా నేను అక్కడితో ఆగలేదు. తెలిసిన మెకానిక్కు దగ్గర ర్యాంపు ఎక్కించి, గేరుబాక్సు ఆయిలు కొంచెం తీయించి తెల్లకాగితం మీద వేయించాను. ఎర్రగా ఉంది, కొంచెం ముదురు. మాడు వాసన లేదు. వేలితో రాస్తే ఇసుకలా ఏమీ తగల్లేదు. బ్యాటరీ, ఎర్త్ వైరు, రెండు మౌంటింగులు, ఆయిలు మార్పు, కూలి అన్నీ కలిపి పదిహేడువేల చిల్లర అయింది. బ్యాటరీ మార్చాక వారం రోజులు గేర్లు కొంచెం మొరటుగా పడ్డాయి. కొన్ని బండ్లలో బ్యాటరీ తీస్తే కంప్యూటరు తాను నేర్చుకున్నది మరిచిపోయి మళ్ళీ నేర్చుకుంటుంది. ఆయన నాకు రోజూ ఫోనే. తర్వాత సర్దుకుంది. ఆవిడకు ఒక మోకాలు ఆపరేషను అయింది, ఇవాళ సభకు వచ్చారు, మూడో వరసలో ఉన్నారు. నేను గుర్తుపట్టనట్టే ఉంటాను.

ఆ వర్క్‌షాపువాళ్ళు దొంగలని నేను అనను. మోసం కంటే బద్ధకం ఎక్కువ ఈ వృత్తిలో. బానెట్ ఎత్తి గంటసేపు వెతికినందుకు ఎవరూ డబ్బివ్వరు, కొత్త గేరుబాక్సు పెడితే ఇస్తారు. వాళ్ళకు జీతమిచ్చే పద్ధతిలోనే ఉంది లోపం.

ఇక్కడితో ముగిస్తే నా గొప్ప చెప్పుకున్నట్టవుతుంది. రెండో కథ కూడా చెప్పాలి. చప్పట్లు కొట్టకండి, దీనిలో తప్పు నాదే.

మా తోడల్లుడుగారిది గుంటూరు. పాత సెడాన్ కారు ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నారు, అదీ టార్క్ కన్వర్టరుదే. అరవై, డెబ్భై వేగంలో నిలకడగా పోతుంటే బండి సన్నగా వణుకుతోందన్నారు. రోడ్డు మీద వరసగా గీసిన స్పీడ్ బ్రేకరు గీతల మీదుగా వెళ్ళినట్టు. నేను నడిపి చూశాను. "ఇంజను మిస్‌ఫైరు అన్నయ్యగారూ, ప్లగ్గులు మార్చండి" అన్నాను. మార్చారు. తగ్గలేదు. ఒక కాయిలు మార్పించాను. తగ్గలేదు. అప్పుడు మా వదినగారు వంటింట్లోంచి వచ్చి రెండు మాటలన్నారు. "మరిదిగారూ, ఊళ్ళో తిరిగితే ఈ వణుకు రాదు, హైవే ఎక్కిన అరగంటకే వస్తుంది. ఇంకోటి, వారానికోసారి రేడియేటరు డబ్బాలో నీళ్ళు పోస్తున్నాం, కింద మాత్రం ఒక్క చుక్క కారడం లేదు."

ఆ రెండు మాటల్లో రోగం మొత్తం ఉంది. నేను వినలేదు. "నీళ్ళ సంగతి వేరు వదినగారూ, అది తర్వాత చూద్దాం" అన్నాను. ముప్పైనాలుగేళ్ళ సర్వీసు గర్వం మాట్లాడింది ఆ రోజు.

నెలన్నర తర్వాత నరసరావుపేట నుంచి వస్తూ రాత్రి తొమ్మిది గంటలకు బండి జారడం మొదలైంది. ఇంజను అరుస్తోంది, చక్రాలు కదలడం లేదు. ముందుకి లేదు, రివర్సుకి లేదు. మలుపులో ఆగిపోయింది. లోపల నలుగురు, అందులో నా మేనకోడలు గర్భిణి. వెనక నుంచి లారీ వచ్చి హారను కొడుతూ బ్రేకు వేశాడు. దేవుడు ఆ డ్రైవరు రూపంలో ఉన్నాడు. నలుగురూ దిగి రోడ్డు పక్కన చీకట్లో గంటన్నర నిలబడ్డారు. నేను విజయవాడ నుంచి వెళ్ళేసరికి వదినగారు నన్ను ఒక్కమాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ తగిలింది.

మర్నాడు ఆయిలు తీస్తే రాజమండ్రి రోజ్‌మిల్కులా ఉంది. చిక్కటి గులాబీ రంగు, నురగ. అంటే ఆయిలులో నీళ్ళు కలిశాయి. చాలా బండ్లలో గేరుబాక్సు ఆయిలుని చల్లబరిచే గొట్టం రేడియేటరు లోపలే ఉంటుంది. ఆ గొట్టం లోపల తుప్పుపట్టి చిల్లు పడితే నీళ్ళు బయటికి కారవు, గేరుబాక్సులోకి పోతాయి. క్లచ్చు ప్లేట్ల మీద అతికించిన కాగితంలాంటి లైనింగు ఆ నీళ్ళకు నాని ఊడిపోతుంది. మొదట వణుకు, తర్వాత జారడం, చివరికి ఆగిపోవడం. నేను ఆ రోజు రేడియేటరు డబ్బా మూత తీసి చూసినా నూనె తెట్టు కనబడేది. ఆయిలు చుక్క కాగితం మీద వేసినా తెలిసేది. వణుకు మొదలైన రోజుల్లోనే పట్టుకుంటే రేడియేటరు మార్చి, ఆయిలు మొత్తం కడిగించి బతికించే అవకాశం ఉండేది. చివరికి గేరుబాక్సు రీకండిషనింగుకి లక్షా నలభైవేలయింది. సగం నేనిస్తానంటే ఆయన ఒప్పుకోలేదు.

ఆ వణుకు ఇంజనుదో గేరుబాక్సుదో తేల్చే చిన్న పరీక్ష ఒకటుంది, అప్పుడు నేను అదీ చేయలేదు. నిలకడ వేగంలో టార్క్ కన్వర్టరు లోపల ఒక క్లచ్చు పడి ఇంజనునీ గేరుబాక్సునీ కట్టేస్తుంది. దాన్నే లాకప్ అంటారు. వణుకు వస్తుండగా, యాక్సిలరేటరు అలాగే ఉంచి, బ్రేకు పెడలుని లైటు వెలిగేంత మాత్రం తాకాలి. వెంటనే లాకప్ విడిపోతుంది. వణుకు అక్కడికక్కడే ఆగిపోతే అనుమానం లాకప్ మీదా, ఆయిలు మీదా. తాకినా వణుకు ఆగకపోతే ఇంజన్ వైపు, చక్రాల వైపు చూడాలి. ఈ పరీక్ష మీరు చేయవద్దు, ఖాళీ రోడ్డు మీద మెకానిక్కు చేత చేయించండి. రెండు కాళ్ళతో నడపడం మన వయసులో అలవాటు చేసుకోకూడని పని.

ఆ రోజ్‌మిల్కు మళ్ళీ చాలా బండ్లలో చూశాను, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తర్వాత. సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. గేరుబాక్సు పైన గాలి ఆడటానికి చిన్న గొట్టం ఉంటుంది, మునిగితే దానిలోంచి నీళ్ళు దిగుతాయి. బండి మునిగితే స్టార్టు చేయకండి. ఇంజను ఆయిలు చూసి ఊరుకునే మెకానిక్కుని గేరుబాక్సు ఆయిలు కూడా చూడమని అడగండి. అది అడగనివాళ్ళు వానలు తగ్గిన రెండు మూడు నెలలకు నా దగ్గరికి వచ్చారు.

ఆయిలు విషయంలో ఇంకొంచెం చెప్పాలి. మన ఇంజను ఆయిలులా అన్నిటికీ గేజు కడ్డీ ఉండదు. ఇప్పటి బండ్లలో చాలావాటికి కింద ప్లగ్గు తీసి, ఆయిలు ఒక నిర్ణీత వేడిలో ఉండగా కొలవాలి. ఇంట్లో అయ్యే పని కాదు. కడ్డీ ఉంటే మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలోనే చూడాలి. కొన్నిటికి ఇంజను నడుస్తుండగా చూడాలి, కొన్నిటికి ఆపాక. పద్ధతి తప్పితే ఉన్న ఆయిలు లేనట్టు కనబడుతుంది, పైన పోసేస్తారు. ఎక్కువైనా నురగ పుట్టి గేర్లు జారతాయి. రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి, కొన్ని ఆయిళ్ళు త్వరగానే నల్లబడతాయి. వాసన ముఖ్యం. పోపు మాడినప్పటి వాసన ఉంటుంది చూడండి, అలాంటిది వస్తే లోపల ప్లేట్లు కాలాయని. సి.వి.టి.కి వేరే ఆయిలు, టార్క్ కన్వర్టరుకి వేరే. "అన్నీ ఒకటే సార్" అనే కుర్రాడు కనిపిస్తే తాళాలు తీసుకుని బయటికి వచ్చేయండి. "లైఫ్‌టైం ఆయిలు, మార్చక్కర్లేదు" అన్న మాట నేను నమ్మను. ఎవరి లైఫు అని అడగాలి. ఎండాకాలం బెజవాడ ట్రాఫిక్కులో తిరిగే బండికి మాన్యువల్‌లో కఠిన వాడకం అనే పట్టిక ఉంటుంది, అది చూసి మార్పించండి.

ఇంటి దగ్గర ఆడవాళ్ళూ మనవలూ కూడా చేయగల పరీక్ష ఒకటి. రాత్రి బండి కింద పాత అట్టముక్క పరవండి. పొద్దున చుక్క చూడండి. రంగులేనిది ఏసీ నీరు, భయం లేదు. గోధుమ, నలుపు ఇంజను ఆయిలు. ఎర్రగా జిడ్డుగా ఉంటే గేరుబాక్సు ఆయిలు. ఆకుపచ్చ, గులాబీ రంగుల్లో నీళ్ళలా పల్చగా ఉంటే రేడియేటరుది. ఎరుపూ గులాబీ తేడా తెలియకపోతే కాగితం మీద వేసి చూడండి, నీరు ఇంకి ఆరిపోతుంది, ఆయిలు మరకగా నిలుస్తుంది.

పొద్దున్నే మొదటిసారి "డి" వేసినప్పుడు బ్రేకు మీద కాలుంచి మనసులో లెక్కపెట్టండి. ఒక సెకను అటూఇటూలో గేరు పట్టుకోవాలి. రెండు, మూడు దాటుతుంటే నోటుబుక్కులో రాయండి. ఆయిలు తగ్గడమో, లోపల సీళ్ళు గట్టిపడటమో కావచ్చు. జారడం అన్ని గేర్లలోనూ ఉంటే ఆయిలు, ఫిల్టరు, పంపు వైపు చూడాలి. ఒక్క గేరులోనే ఉంటే ఆ గేరు క్లచ్చు వైపు. రివర్సు ఒక్కటే లేదు, మిగతావి బాగున్నాయి అంటే పంపు మార్చమన్నవాణ్ణి "మరి ముందుకి ఎలా పోతోందయ్యా?" అని అడగండి చాలు.

లివరు "పి"లో బిగుసుకుపోయి రాదు. ఇది మొన్న కార్తీకమాసంలో ఒక కళ్యాణమండపం దగ్గర జరిగింది. వరుడి మేనమామ కారు. నలుగురు లాగుతున్నారు, ఒకాయన టోయింగ్ బండికి ఫోను చేస్తున్నాడు. నేను వెనక్కి వెళ్ళి బ్రేకు తొక్కమన్నాను. బ్రేకు లైట్లు వెలగలేదు. అంతే రోగం. బ్రేకు పెడలు దగ్గరుండే స్విచ్చి చెడితే, మీరు బ్రేకు తొక్కారని బండికి తెలియదు, లివరుని వదలదు. చాలా బండ్లలో లివరు పక్కన చిన్న మూత ఉంటుంది, దాని కింద తాళంతో నొక్కే చోటు ఉంటుంది. హ్యాండ్‌బ్రేకు వేసి అది నొక్కితే లివరు వచ్చింది. అయితే బ్రేకు లైట్లు లేని బండి కాబట్టి చీకటి పడకముందే స్విచ్చి మార్పించమన్నాను. కొన్ని వందల రూపాయల పని. అలాగే "పి"లో సెల్ఫ్ పడక, "ఎన్"లో పడుతుంటే అది గేరుబాక్సు పక్కనుండే స్విచ్చి, గేరుబాక్సు కాదు.

ఆగిపోతే తోయించి స్టార్టు చేయడం మన బస్సుల అలవాటు. టార్క్ కన్వర్టరు, సి.వి.టి. బండ్లకు అది కుదరదు. తాడు కట్టి దూరం లాగించనూ కూడదు. ఇంజను ఆగితే ఆయిలు పంపు ఆగుతుంది, చక్రాలు తిరుగుతుంటే లోపల భాగాలు ఆయిలు లేకుండా అరిగిపోతాయి. లాగే చక్రాలు నేల మీద ఆనకుండా ఎత్తే బండి పిలిపించండి, కుదిరితే నాలుగు చక్రాలూ పైకెక్కించేది. ఎ.ఎం.టి., రెండు క్లచ్చుల బండ్లవాళ్ళకు ఒక మాట. దుర్గమ్మ కొండ ఘాట్‌రోడ్డు మీద ముందు బండి ఆగితే, యాక్సిలరేటరుతో బండిని ఆపి పట్టుకోకండి, బ్రేకు తొక్కండి. లేకపోతే గుడి చేరేలోపు క్లచ్చు వాసన వస్తుంది. వాలులో నిలిపేటప్పుడు బ్రేకు తొక్కి ఉంచి, ముందు హ్యాండ్‌బ్రేకు, తర్వాత "పి". చాలావాటిలో "పి" అంటే వేలంత ఇనుప కొక్కెం, బండి బరువంతా దాని మీద వేయడం ఎందుకు?

సమయం అయిందని కార్యదర్శిగారు చీటీ పంపారు. కిందటిసారి ఒక సభ్యులు అడిగిన ప్రశ్నకి మాత్రం జవాబిచ్చి దిగుతాను. "ఎస్టిమేటు ఇచ్చిన చోట ఏం అడగాలి?" అన్నారు. కోడ్ల కాగితం చేతికివ్వమనండి, చెరపకముందే. ఆయిలు చూపించమనండి, మీ కళ్ళముందు తెల్లకాగితం మీద. బ్యాటరీ ఓల్టేజి ఎంతో రాసిమ్మనండి. గేరుబాక్సు విప్పడం తప్పదంటే ఆయిలు పాన్ ముందు తీసి, అడుగున ఏముందో చూపించాకే మిగతాది విప్పమనండి. బూడిదరంగు సన్నటి పొడి మామూలే, ఇనుప ముక్కలుంటే మాత్రం వాళ్ళ మాట నిజమే, డబ్బు పెట్టక తప్పదు.

వచ్చే నెల మొదటి శనివారం పొద్దున పది గంటలకు మన సంఘం ఆఫీసు ఆవరణలో ఉంటాను. మీటరు నేను తెస్తాను. అట్టముక్కా, నోటుబుక్కూ మీరు తెచ్చుకోండి. పక్క సీట్లో కూర్చునేవారిని తప్పకుండా వెంట తీసుకురండి, నేను ముందు వాళ్ళతోనే మాట్లాడతాను. టీ ఏర్పాటు కార్యదర్శిగారిది.